కనుబొమ్మకు టేపు

ధర చీటీ మీద అచ్చేసి, కొంటే కొను, లేకపోతే పో అనే దుకాణాలు మా వైపు ఇంకా రాని కాలమది. తొంభైల్లో కూర్మన్నపాలెం జంక్షన్‌లో బట్టల కొట్టు నడపాలంటే గుడ్డ కన్నా ముందు మొహం ఉండాలి. స్టీల్ ప్లాంటు షిఫ్టు దిగి వచ్చే మనిషిని చూసి కనుబొమ్మ ఎగరేయడం, ధర తగ్గించమంటే గుండె పగిలినట్టు పెదవి విరవడం, చివరికి "మీరు కాబట్టి ఇత్తన్నాను" అని నవ్వడం ఇరవై రెండేళ్లకే నాకు పట్టుబడ్డాయి. (డిగ్రీ మాత్రం పట్టుబడలేదు.) నా మొహాన్ని నేనే ఆడిస్తున్నానని గట్టి నమ్మకం. చెవి వెనక నుంచి వచ్చే ఓ సన్నని నరం దయ వల్ల అది ఆడుతోందని ఎవరూ చెప్పలేదు.

ఒక చలికాలం పొద్దున్న పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లు నోటి ఎడమ మూల నుంచి చొక్కా మీదికి జారిపోయాయి. అద్దంలో చూసుకున్నాను. కుడి వైపు నేనే ఉన్నాను, ఎడమ వైపు ఎవరో అలిగి కూర్చున్నాడు. రెప్ప వాలదు, బుగ్గ కదలదు, నవ్వబోతే మూతి మొత్తం కుడి చెవి వైపు పరిగెడుతోంది. "అమ్మా" అని పిలవబోతే పెదవులు కలవక గాలి పక్కనుంచి తుస్సుమంది. మా వీధిలో ఒక పెద్దాయనకి ముందు ఇలాగే మూతి వంకరపోయి, తర్వాత చెయ్యి, ఆ తర్వాత కాలు పడిపోవడం చూసినవాణ్ణి. గబగబా చెయ్యెత్తి చూసుకున్నాను, లేచింది. కాసేపాగి మళ్లీ ఎత్తాను. మద్దిలపాలెంలో నరాల డాక్టరు దగ్గరికి బస్సు ఎక్కేదాకా ఎత్తుతూనే ఉన్నాను. దారిలో వెళ్లే ఆటోలన్నీ ఆగిపోయాయి.

బస్సు ఎక్కే ముందు జరిగిన సంగతి ఒకటుంది. నాన్న నన్ను చూసి మొదట వణికిపోయాడు, తర్వాత వ్యాపారస్తుడయ్యాడు. "ఒరే, డాట్రు మొత్తం డేమేజీ సూసీసేడంటే పచ్చవాతం అనీసి ఆస్పత్రిలో పడుకోబెట్టీస్తాడు. కొంచిం తగ్గించి సూపించాల" అన్నాడు. మా కొట్లో మరక పడ్డ పంచెను ఎప్పుడూ మరక లోపలికి పోయేలా మడతపెట్టేవాళ్లం. ఆ విద్యే నా మీద ప్రయోగించాడు. ప్యాకింగ్ టేపు ముక్క తెంచి, జారిపోయిన ఎడమ కనుబొమ్మను పైకి లాగి నుదుటికి అంటించి, దాని మీదికి నా జుట్టు దువ్వేశాడు. మూతిని ఎలా మడతపెట్టాలో ఆయనకీ తోచలేదు. "నువ్వేటీ మాటాడకు, నాను మాటాడతాను" అన్నాడు. (మాట్లాడగలిగితే మద్దిలపాలెం దాకా ఎందుకు?)

నరాల డాక్టరు గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి కనుబొమ్మలు పైకెత్తమన్నారు. కుడిది నేనెత్తాను, ఎడమది నాన్న ఎత్తి ఉంచాడు. డాక్టరు గారి మొహం మారిపోయింది.

"నుదురు బాగానే ఉంది. మూతి ఒక్కటే పోయింది."

నాన్న వెలిగిపోయాడు. "అదే బాబూ, సగమే పోయింది. పైదంతా ఫస్టు క్వాలిటీ."

"అదేనండీ నా భయం. చెవి వెనక నరం వాస్తే నుదురు, కన్ను, మూతి అన్నీ ఆగిపోతాయి. నుదుటికి మెదడులో రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు వెళ్తాయి, ఒక వైపు చెడినా రెండోది ఆడిస్తుంది. అందుకని నుదురు ఆడుతూ మూతి ఆగిందంటే తేడా మెదడులోనే ఉండొచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి తలకి స్కానింగు తీయించండి."

మెదడంటే ఇక దాచడం కుదరదు. టేపు సంగతి చెప్పేయాలి. నోరు తెరిచాను. "టే... టే..." అన్నాను. పెదవులు కలవవు, నాలుకేమో భయానికి అంగిలికి అతుక్కుపోయింది. డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. "మాట కూడా పడిపోతోందా?"

నాన్న రెండు చేతులూ జోడించాడు. "బాబూ, మెదడొద్దండి. ఆ నరమే ఉంచీండి" అంటూ నా జుట్టు పైకెత్తి టేపు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. సగం కనుబొమ్మ వెంట్రుకలు టేపుతోనే పోయాయి. మిగతాది కంటి మీదికి జారి పడింది. "ఇదిగో సూడండి! నుదురూ పోయింది! కన్నూ మూసుకోదు! మొత్తం పోయింది బాబూ!" అని ఆనందంగా కేకేశాడు. బయట బెంచీ మీది రోగులు లోపలికి తొంగిచూశారు.

డాక్టరు గారు నా కన్ను మూయించి చూసి, చేతులూ కాళ్లూ పరీక్షించి, కళ్లజోడు తీసి నవ్వారు. "నరమే. చాలామందికి తగ్గిపోతుంది. మందులు వాడండి, కంట్లో చుక్కలు వెయ్యండి, పడుకునేటప్పుడు రెప్ప మూసి టేపు అంటించండి."

"టేపు మా కాడున్నాది" అన్నాడు నాన్న.

"ఆ టేపు కాదండీ బాబూ!"

నెలల మీద మాట తిరిగొచ్చింది, మొహమూ వచ్చింది, దాదాపుగా. తిరిగి మొలిచిన నరం కొంత దారి తప్పిందట, మూతికి వెళ్లాల్సిన కబురు కంటికీ చేరవేస్తుందట. అందుకే నేను నవ్వితే ఎడమ కన్ను దానంతటదే సగం మూసుకుంటుంది. ఇప్పుడు మా కొట్లోనూ ధర చీటీలే. అయినా కొత్తగా వచ్చినవాళ్లు నేను కన్నుకొట్టి రహస్యంగా తగ్గిస్తాననుకుని దగ్గరికి జరుగుతారు. సరిచేయించుకోవచ్చని చెప్పినవాళ్లున్నారు. వద్దన్నాను. కొట్టు అద్దంలో ఆ కన్ను కనబడినప్పుడల్లా, కొడుకు మొహం మొత్తం పోయిందని సంబరపడిన నాన్న గుర్తొస్తాడు. మళ్లీ నవ్వొస్తుంది, మళ్లీ కన్ను మూసుకుంటుంది. జీవితంలో బేరమాడకుండా పుచ్చుకున్న సరుకు ఇదొక్కటే.