టీచరు బ్యాగులో కైరీ

మా అమ్మాయికి టీచర్ల బ్యాగులు తెరవడం అలవాటు. అది దొంగబుద్ధి కాదు, మా బడిలో పడిన అలవాటు. నేను గల్ఫ్‌లో, సీబ్‌ అనే ఊళ్లో ఒక ఇండియన్ స్కూల్లో ఐదు, ఆరు తరగతులకు లెక్కలు చెబుతాను. క్లాసులో నా బ్యాగు కుర్చీకి వేలాడుతూ ఉంటుంది, జిప్పు తీసే ఉంటుంది. పన్ను ఊడినవాడు వచ్చి టిష్యూ తీసుకుంటాడు. గుండీ తెగిన పిల్ల పిన్నీసు తీసుకుంటుంది. మార్కర్ అయిపోయిందని ఎవరైనా గుర్తుచేస్తే బోర్డు మీద నుంచి తల తిప్పకుండానే "బ్యాగులో ఇంకోటుంది, తీసుకురా" అంటాను. మా అమ్మ పంపిన కరివేపాకు పొడి సీసా కూడా ఒకసారి అలాగే క్లాసంతా తిరిగి ఖాళీ అయి వచ్చింది.

మా అమ్మాయి అదే బడిలో కేజీ. వాళ్లను మాకంటే ముందే వదిలేస్తారు కాబట్టి నా ఆఖరి పీరియడ్ అయ్యేదాకా స్టాఫ్ రూములో కూర్చుంటుంది. ఎవరి బ్యాగులో ఏముందో దానికి కంఠతా వచ్చు. సైన్సు టీచరుది అరటికాయ చిప్సు, హిందీ టీచరుది చక్కెర పూసిన సోంపు. వాళ్లు వద్దనరు. దానికోసమే తెస్తారని నా అనుమానం.

ఈ ఏడు ఎండలు ముదరకముందు నాకు అమెరికాలో ఒక ప్రభుత్వ బడి నుంచి పిలుపు వచ్చింది. అక్కడ లెక్కల టీచర్లు దొరక్క బయటి దేశాల వాళ్లను తీసుకుంటున్నారని, నాతో బీఎడ్ చదివిన స్నేహితురాలు చెబితే దరఖాస్తు పెట్టాను. వస్తుందనుకోలేదు. మొదటి ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఇంకొకసారి మాట్లాడదాం, ఆ తర్వాత మీరు సరే అంటే కాగితాలు మొదలుపెడతాం అన్నారు. పాపకు అదే బడిలో సీటు ఇస్తారట.

నాకు వెళ్లాలని బాగా ఉండింది. వాళ్లు పంపిన ఫోటోల్లో ఆ క్లాసురూము చూశాను. గోడంతా కిటికీలు, గుండ్రటి బల్లలు, ఒక్కో బల్ల దగ్గర నలుగురే పిల్లలు. నా ఆరో తరగతిలో వెనక బెంచీ వాడి నోటుబుక్కు చూడాలంటే పక్కవాడు లేచి నిలబడాలి. భిన్నాలు చెప్పడానికి రొట్టెలు కోసి చూపించాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. ఇక్కడ రొట్టె పెట్టడానికి చోటుండదు. అక్కడైతే అలా చెప్పవచ్చు కదా అని, వంట చేస్తూ ఆ బల్లల మధ్య నడిచేదాన్ని.

మా ఆయన ఒక కంపెనీలో సైట్ ఇంజనీరు. జగిత్యాల మనిషి. విషయం చెప్పగానే, "నువ్వు డ్యూటీకి పో, నేను ఇంట్ల కూసొని పప్పు చేస్త. గీ ఎండల సైట్ మీద నిలబడుడు నాకేం ముద్దా?" అన్నాడు. ఆ తర్వాత నుంచి నాకంటే ఎక్కువగా ఆ ఊరి గురించి ఫోనులో వెతికింది ఆయనే. అలా వెతుకుతుంటేనే ఒక బిల్లు సంగతి బయటపడింది.

ఆ సాయంత్రం మేం ఎదురు ఫ్లాటులో ఉన్నాం. మేముండే పేట మబేలాలో, మా బిల్డింగులో మాకు చుట్టాల లెక్క ఉన్నది ఆ ఒక్క ఇల్లే. వాళ్లు కడప వైపు ముస్లింలు. ఆయనకు కింద వీధిలో దర్జీ దుకాణం. ఆవిడను బిల్డింగంతా ఆపా అంటుంది, అంటే అక్క. ఇంట్లో ఉర్దూ, మాతో కడప తెలుగు. మా అమ్మాయి ఆవిడ ఒళ్లో కూర్చుని బఠానీలు వలుస్తోంది. మా ఆయన ఫోను చూస్తూ చూస్తూ ఆగిపోయి, "ఇగో, ఆ రాష్ట్రంల కొత్త బిల్లు పెట్టిన్రట. కన్సీల్డ్ క్యారీ ఇన్ స్కూల్స్" అని చదివాడు.

ఆపా బఠానీలు వదిలేసి తలెత్తింది.

"ఏందబ్బా, ఇస్కూల్లో కైరీ దాచిపెట్టుకోడానికి గూడా చట్టం కావాల్నా? అంత గతి లేనోళ్లా అమెరికా వాళ్లు?"

ఉర్దూలో కైరీ అంటే పచ్చి మామిడికాయ. మా ఆయన చదివిన క్యారీ ఏమో తుపాకి దాచుకుని తిరగడం. మా ఇద్దరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మా ఆయన ముఖం చూడాలి.

"మేం ఏ చట్టమూ ల్యాకుండానే దాచినాం," ఆపా ఆగలేదు. "కంపాసు పెట్టెలో కైరీ ముక్కలు, కింద ఉప్పూకారం పొట్లం. మా టీచరమ్మకు యాడున్నా వాసన తెలిసిపోయేది. గుంజుకోని తనే తినేసేది, దొంగ మొగంది."

"ఇప్పుడు పిల్లలు కాదు ఆపా, టీచర్లే దాసుకుంటరట. బ్యాగుల్ల."

"టీచర్లా! మరి పిల్లోళ్లకు పెట్టరా?"

"పెట్టకుంటేనే మంచిది," అన్నాడు మా ఆయన.

నాకు నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఆపాకు అసలు సంగతి చెబుదామనుకున్నాను. పాప ఒళ్లోనే ఉంది, మా నోళ్ల వైపే చూస్తోంది. చెప్పలేదు.

బిల్లు నేను తర్వాత నిదానంగా చదివాను. శిక్షణ తీసుకుని, అనుమతి ఉన్న టీచర్లు, బడి సిబ్బంది ఒంటి మీదో బ్యాగులోనో పైకి కనపడకుండా తుపాకి పెట్టుకుని రావచ్చు. ఎవరు పెట్టుకున్నారో పై అధికారికి తెలుస్తుంది. పిల్లలకు, తల్లిదండ్రులకు, తోటి టీచర్లకు చెప్పరు. అది ఇంకా చట్టం కాలేదు. అవుతుందని కొందరు, కాదని కొందరు రాశారు.

అప్పటి నుంచి ఇంట్లో మాకు అదొక గుప్తభాష అయింది. పాప ముందు తుపాకి అనే మాట రాకుండా, "కైరీ సంగతి ఏమన్న తెలిసిందా?" అని ఆయన అడిగేవాడు. "ఇంకా కమిటీల ఉందట" అనేదాన్ని. ఆయన దాన్ని కైరీ బిల్లు అన్నాడు. చెప్పుకోవడానికి సుఖంగా ఉండింది. మామిడికాయ గురించి ఎవరు భయపడతారు?

ఒక శుక్రవారం సీబ్ సముద్రం పక్కన నడుస్తుంటే ఏదో పెళ్లికి పోతున్న వాళ్లు ఎదురయ్యారు. మగవాళ్లందరికీ తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషా మీద వెండి ఒర వంకీ కత్తులు, ఖంజర్లు, బొడ్డు దగ్గర. వాళ్లలో మా పాపంత పిల్లవాడు కూడా, వాడి ఎత్తుకు తగిన ఖంజర్‌తో, పొట్ట ముందుకు పెట్టి నడుస్తున్నాడు.

"చూడు," అన్నాడు మా ఆయన. "ఇక్కడ కత్తి నడుముకు కట్టుకొనే తిరుగుతున్నరు. నువ్వు ఏనాడన్న భయపడ్డవా?"

"అది బట్టల లెక్క. పైకే ఉంది కదా. అందరూ చూడాలనే కట్టుకుంటరు."

"అంటే కనపడితే నీకు భయం లేదు."

"కనపడితే పాపను ఇటు పక్కకు పట్టుకొని నడుస్త. కనపడకపోతే ఎటు పక్కకు పట్టుకోను?"

"నువ్వు బస్సుకు గూడ భయపడతవ్ గదా," అన్నాడు.

నిజమే. నాకు ఇక్కడ భయాలు లేవని కాదు. ఎండాకాలం బడి బస్సులో పిల్ల నిద్రపోయి దిగకపోతే అనేది నా పెద్ద భయం. అందుకని దిగేటప్పుడు నేను చివరి సీటుదాకా నడిచి, సీట్ల కింద కూడా చూసి దిగుతాను. డ్రైవరు పాకిస్తానీ పెద్దాయన, "టీచర్జీ, ఆజ్ కుఛ్ మిలా?" అని, ఈరోజు ఏమైనా దొరికిందా అని ఏడిపిస్తాడు. ఒకరోజు ఎవరిదో బూటు దొరికింది. వంటగ్యాసు, బాల్కనీ కిటికీ, కొత్త కంపెనీ పాలు, అన్నిటికీ భయమే. కానీ వీటన్నిటికీ నా చేయి అందుతుంది. లేచి వెళ్లి తిప్పి చూసుకుంటే సరిపోతుంది.

ఇక స్టాఫ్ రూము సంగతి.

మాకు కొత్తగా ఒక ఇంగ్లీషు టీచరు చేరింది. అప్పటికి వారం కూడా కాలేదు. ఆ రోజు చివరి పీరియడ్ అయ్యి నేను వచ్చేసరికి ఆమె బ్యాగు బల్ల మీద పడి ఉంది. అందులోని సామానంతా బయట వరసగా ఉంది. తాళాలు, దువ్వెన, లిప్‌స్టిక్, తలనొప్పి మాత్రల పట్టీ, టిఫిన్ డబ్బా. మా అమ్మాయి కుర్చీ మీద మోకాళ్లతో నిలబడి, మోచేతిదాకా బ్యాగులో చేయి పెట్టి, అడుగున వెతుకుతోంది. ఆ టీచరు గుమ్మంలో నిలబడి నవ్వుతోంది, ఈ బడి ఇలాగే ఉంటుందేమో అన్నట్టు.

"మ్యామ్," అడిగింది మా అమ్మాయి, పట్టుదలగా, "వేర్ ఈజ్ యువర్ కైరీ?"

"మై వాట్, బేటా?"

"కైరీ. టీచర్లు బ్యాగులో దాస్తారు. నాకు తెలుసు. అమెరికాలో అందరు టీచర్లకీ ఉంటుంది."

సైన్సు టీచరు, హిందీ టీచరు పడిపడి నవ్వారు. కొత్త టీచరు నవ్వుతూ, రేపు తప్పకుండా తెస్తానని దాని బుగ్గ గిల్లింది. నేను సామాను మళ్లీ బ్యాగులో పెట్టాను. లిప్‌స్టిక్ రెండుసార్లు కింద పడింది. ఆ గదిలో దాని ప్రశ్న అర్థమైనది నా ఒక్కదానికే. దాని చేతిని బ్యాగులోంచి నేనే తీశాను. దాని వేళ్ల మధ్య ఎవరిదో రబ్బరు బ్యాండు చిక్కుకుని ఉంది.

బస్సులో అది నా మీద ఒరిగి, "అమ్మా, మనం అమెరికా పోయినంక నేను అన్ని బ్యాగులు చూస్త. ఎవరిది పుల్లగ ఉందో నీకు చెప్త," అంది.

రెండో ఇంటర్వ్యూ ఆ తర్వాత రెండు మూడు రోజులకు. ఇక్కడ సాయంత్రం, అక్కడ పొద్దున. ప్రిన్సిపాలు పెద్దవయసు మనిషి, మాటలో తొందర లేదు. చివర్న, మీరేమైనా అడగాలనుకుంటున్నారా అన్నాడు. అడిగాను. ఆ బిల్లు చట్టమైతే మా అమ్మాయి టీచరు దగ్గర తుపాకి ఉందో లేదో నాకు చెబుతారా?

చెప్పం, అన్నాడు. దాచకుండా అన్నాడు కాబట్టి నాకు ఆయన మీద గౌరవం పోలేదు. ఎవరి దగ్గర ఉందో తెలియకపోవడమే రక్షణ అన్నాడు. దుర్మార్గుడికి కూడా తెలియదు కదా. తన మనవరాలు అదే బడిలో రెండో తరగతి చదువుతోందట. ఆ పిల్ల కోసమే తాను ఆ బిల్లు కావాలంటున్నానని చెప్పాడు. పోలీసులు రావడానికి పట్టే సమయం తనను ఎంత భయపెడుతుందో చెప్పాడు. నాకు ఆయన అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు. నేను బస్సు సీట్ల కింద చూసినట్టే ఆయనా చూస్తున్నాడు. కాకపోతే ఆయన చేయి తుపాకి దాకా అందుతుంది. నాది అందదు.

మా పాప టీచర్ల బ్యాగులు తెరుస్తుందని చెప్పాను. ఆయన నవ్వలేదు. "అది మాన్పించాలి," అన్నాడు మెల్లగా. "ఇక్కడికి రాకముందే."

ఆ మాట దగ్గర నాకు తేలిపోయింది. మాన్పించవచ్చు. ఐదేళ్ల పిల్ల, నాలుగుసార్లు గట్టిగా చెబితే మానేస్తుంది. టీచరు బ్యాగు అంటే చేయి పెట్టకూడనిది అని నేర్చుకుంటుంది. అయితే ఆ పాఠం దానికి చెప్పాల్సింది నేనే. అక్కడి నా క్లాసులో నా బ్యాగు జిప్పు కూడా మూసే ఉంచాలి, పిల్లలు అలవాటు పడకుండా.

వెళ్లొద్దనుకున్నానని మా ఆయనకు చెప్పాను. ఆయన మొహం కొంచెం వాడింది. ఆ ఊళ్లో చెరువు పక్కన చేపలు పట్టే చోటు కూడా వెతికిపెట్టుకున్నాడు మరి.

"ఆ బిల్లు ఫెయిల్ అయితే?" అన్నాడు.

"అయితే మంచిదే. ఆ పిల్లలకు మంచిది."

"నువ్వు మళ్లా బాధపడవు గదా? రేపు నా మీదికి రావద్దు."

"పడ్త. పడినా నీ మీదికి రాను."

"అబ్బో, రాసియ్యి," అన్నాడు. తర్వాత, "సరే తీ. చేపలు ఇక్కడ మత్రా బజార్ల గూడ దొరుకుతయ్," అన్నాడు.

ప్రిన్సిపాలుకు రాలేనని రాశాను. ఆయన మర్యాదగా, మీ క్లాసు పిల్లలు అదృష్టవంతులు అని జవాబిచ్చాడు. ఆ గుండ్రటి బల్లలు ఇప్పటికీ నాకు వంట దగ్గర గుర్తొస్తాయి. ఆ బిల్లు ఏమైందో అప్పుడప్పుడు చూస్తూనే ఉంటాను. పాపకు కూడా చెప్పాను, కైరీ కాదని, తుపాకి అని. అది కొంచెంసేపు ఆలోచించి, "తుపాకి టిఫిన్ డబ్బాలో పడుతదా?" అని అడిగింది. పట్టదన్నాను. పట్టే సైజువి ఉంటాయని నాకు తెలుసు. ఇంకా అంత నిజం చెప్పడానికి నోరు రాలేదు.

రాలేనని రాసిన వారం శుక్రవారమే పాపకు మంచం కొన్నాం. వెళ్లిపోతామేమోనని అన్నాళ్లూ వాయిదా వేశాం. డబ్బాలో ముక్కలుగా వచ్చింది. మా ఆయన బిల్డింగులు కట్టే మనిషినని చెప్పి బొమ్మల కాగితం చూడకుండానే మొదలుపెట్టాడు. ఆపా వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇంజినీరు సాబ్, తలాపు కాళ్ల కాడికి వచ్చింది చూడు," అంది. మళ్లీ విప్పాడు. అంతా అయ్యాక ఒక మర మిగిలింది.

"గివి ఎక్స్‌ట్రా ఇస్తరు," అన్నాడు.

పాప అప్పటికే ఎక్కి ఎగురుతోంది. దాన్ని దించి, స్పానరు తీసుకుని నేను మంచం కిందకు దూరాను. పడుకుని, ఒక్కో మూలా చేత్తో తడిమి, ఒక్కో మరా బిగించుకుంటూ వచ్చాను. ఖాళీ బెజ్జం కిటికీ వైపు మంచం కోడులో దొరికింది.