నీళ్ళు పెట్టనివ్వని దేవకుమారి

వరి కంకిలో ఒక్కో పువ్వు ఒక్కో ఇల్లు. ఇంట్లో ఆడది ఒకతే, మగాళ్ళు ఆరుగురు. గడప దాటకుండానే కాపురం, సంతానం అన్నీ జరిగిపోతాయి. కాబట్టి రెండు రకాల వరికి పెళ్ళి చెయ్యాలంటే ముందు ఆ ఆరుగుర్నీ ఇంట్లోంచి గెంటాలి. దర్శి దగ్గర ఒక వరి పరిశోధన క్షేత్రంలో పదకొండేళ్ళుగా దేవకుమారి చేస్తున్న పని ఇదే. ఎండ తగ్గాక కంకి ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. పువ్వు కొసను కత్తెరతో కాస్త కత్తిరించి, సన్నటి పట్టుకారుతో ఆరు పుప్పొడి తిత్తులనూ లాగేసి, కంకికి కాగితం సంచి తొడుగుతుంది. మర్నాడు పది గంటలకు ఇంకో రకం కంకి తెచ్చి దాని మీద దులుపుతుంది. "ఆరుగుర్నీ తరిమేసి పొరుగూరోణ్ణి తెచ్చి కాపురం పెట్టిస్తా" అని ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతూ కూడా అనేసింది. పాస్టరు గారు గబగబా పాట అందుకున్నారు.

ఆమెకు నలభై ఆరేళ్ళు. పదేళ్ళప్పుడు గుంటూరు వైపు పత్తి చేలల్లో క్రాసింగ్‌కి, అంటే ఒక రకం పువ్వు పుప్పొడిని ఇంకో రకానికి అద్దే పనికి, కూలికి వెళ్ళింది. పత్తి పువ్వుకు చిన్న వేళ్ళు కావాలని మేస్త్రీలు పిల్లల్నే ఏరుకునే రోజులవి. ఇలాంటి నైపుణ్యాన్ని పల్లె విద్య అని పొగిడి చప్పట్లు కొట్టేవాళ్ళున్నారు. దేవకుమారికి ఆ చప్పట్లంటే ఒళ్ళుమంట. "విద్యా లేదు, పాడూ లేదు. బడి మానిపిస్తే వచ్చింది. మేస్త్రి తిట్లకి చెయ్యి తిరిగింది" అంటుంది.

దర్శి వైపు పొలాలు సాగర్ కాలువకు చివర. నీళ్ళొస్తాయని నారు పోస్తారు, నాటేస్తారు. సరిగ్గా పైరు పొట్ట మీదున్నప్పుడు కాలువ ఆగిపోతుంది. కంకి తెల్లగా పైకొస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, చేత్తో నలిపితే అంతా తాలు. ఇప్పుడు ఎండలు ఫిబ్రవరిలోనే మొదలవుతున్నాయి. వాన పడితే నెల వాన ఒక్క పూటలో పడి పోతుంది. దీని మీద ఊళ్ళో సదస్సులు జరుగుతాయి, మంచినీళ్ళ సీసాలు పంచుతారు. రైతు అడిగేది మాత్రం ఒక్కటే. పొట్ట మీద మూడు వారాలు నీళ్ళు లేకపోయినా గింజ కట్టే వడ్లున్నాయా, లేవా?

ఆ వడ్ల కోసమే భానుశ్రీ ఆరేళ్ళుగా వెతుకుతోంది. చీరాలలో మగ్గాల ఇంట పుట్టి, వ్యవసాయ శాస్త్రం చదివి ఇక్కడికొచ్చిన శాస్త్రవేత్త. మొరటు మెట్ట వరికీ, అందరూ వేసే సన్నరకానికీ దేవకుమారి చేత పెళ్ళి చేయించింది. వాటి సంతానంలోంచి ఏరగా ఏరగా నలభై రకాలు మిగిలాయి. వాటికి పేర్లు లేవు, నంబర్లే. ఇరవై ఏడో నంబరుకు మాత్రం దేవకుమారి 'మొండిది' అని పేరు పెట్టుకుంది.

పరీక్ష సులువుగానే కనిపిస్తుంది. నలభై రకాలనూ పక్కపక్కనే రెండు మళ్ళలో నాటుతారు. ఒకటి తడి మడి, ఎప్పుడూ నీళ్ళుంటాయి. రెండోది కరువు మడి, పొట్ట దశలో ఇరవై అయిదు రోజులు చుక్క పెట్టరు. మొదటి ఏడు మార్చిలో అకాల వాన పడి పరీక్ష పోయింది. రెండో ఏడు పక్క పొలం గట్టు తెగి పోయింది. ఇది మూడో ఏడు, ఆఖరిది. ఈసారీ మడి తడిస్తే పథకం మూసేస్తారు, నలభై రకాలూ సంచుల్లోకెళ్ళి పురుగులకు మేతవుతాయి. అందుకే నీళ్ళు ఆపిన పందొమ్మిదో రోజున హైదరాబాదు శిక్షణకు వెళ్తూ భానుశ్రీ చెప్పింది: "దేవకుమారమ్మా, ఎవరు చెప్పినా నీళ్ళు పెట్టనివ్వొద్దు."

ఇరవయ్యో రోజున ఫారం మేనేజరు వీరబాబు గట్టు మీదికొచ్చాడు.

"ఏందమ్మా ఇది, మడా వల్లకాడా? ఎల్లుండి మన శాఖ పెద్దాయన చూడ్డానికొస్తున్నాడు. మోటారేసి ఒక తడి పెట్టించు."

"ఇది ఎండాలనే పెట్టిందండీ."

"మనకి తెలుసు. ఆయనకి తెలుస్తుందా? పైన 'కరువును తట్టుకునే వరి' అని బోర్డు. కింద చూస్తే ఎండుగడ్డి. నన్నేమంటాడు?"

"తట్టుకోడమంటే నవ్వతా నిలబడ్డం కాదు కదండీ. చావకుండా ఉండడం."

"ప్రసంగాలు చర్చిలో చెప్పుకో. మోటారెయ్యి."

వీరబాబు దుర్మార్గుడేం కాదు. రైతు బిడ్డ. ఆకులు చుట్ట చుట్టుకుపోయిన పైరును చూస్తే అతనికి నిజంగానే గొంతు ఎండుకుపోతుంది. ఆ మడికి నీళ్ళు పెడదామని అంతకుముందే రెండుసార్లు అడిగాడు. ఇప్పుడు ఆ జాలికి పెద్దాయన భయం కూడా తోడైంది. దేవకుమారి భానుశ్రీకి ఫోన్ చేసింది. భానుశ్రీ వీరబాబుకు ఫోన్ చేసి అరిచింది. "అలాగే మేడమ్, తప్పకుండా మేడమ్" అని వీరబాబు ఫోన్ పెట్టేసి తిన్నగా మోటారు గదివైపు నడిచాడు.

అతను స్విచ్చు మీద చెయ్యి వేసేసరికి దేవకుమారి నీళ్ళ గొట్టం మూతి మీద కూర్చుని అన్నం గిన్నె విప్పింది.

"లెయ్యవే!"

"అన్నం ముందునుంచి మనిషిని లేపకూడదండీ. నా మీదుగా పెట్టుకోండి నీళ్ళు."

"నీ ఉద్యోగం పోద్ది."

"మడి పోయినా పోద్ది. అప్పుడు నాకేం పనుందిక్కడ? మిమ్మల్ని కాపలా కాయనా?" ముద్ద నోట్లో పెట్టుకుని నములుతూ ఆలోచించింది. "మీక్కావాల్సింది పచ్చటి మడేగా? పక్కనుంది. బోర్డు తీసి అందులో పాతండి."

వీరబాబు చెయ్యి స్విచ్చు మీంచి దిగింది.

"అది మోసం కదే?"

"నీళ్ళు పెడితే కాదా?"

రెండు మోసాల్లో తక్కువ కష్టమున్నది వీరబాబు ఎంచుకున్నాడు. కరువు మడి కనపడకుండా చుట్టూ గ్రీన్ నెట్ కట్టించాడు.

ఇరవై రెండో రోజున పెద్దాయన వచ్చాడు. తడి మడిలో పాతిన బోర్డు మీద 'ఇరవై రెండు రోజులుగా చుక్క నీరు లేదు' అని సుద్దతో రాసి ఉంది. బోర్డు కాళ్ళు చీలమండ లోతు నీళ్ళలో ఉన్నాయి. వెంట వచ్చినవాళ్ళలో ఒకాయన బూటు బురదలో ఇరుక్కుపోతే ఇద్దరు కలిసి పీకారు. ఆయన బూటు తుడుచుకుంటూ బోర్డును పైకే చదివి, "అద్భుతం" అన్నాడు.

పెద్దాయనకు మనసు కరిగింది. ఇన్నాళ్ళు దాహంతో ఉన్న పైరుకు తన చేత్తో నీళ్ళు విడుదల చేస్తానన్నాడు. కార్యక్రమంలో లేని ముచ్చట ఇది. క్షణాల్లో కొబ్బరికాయ వచ్చింది, పసుపు కుంకుమ వచ్చాయి. బోర్డు అసలు కరువు మడిలోనే ఉండి ఉంటే ఆరేళ్ళ పని ఆ కొబ్బరినీళ్ళతో కలిసి కొట్టుకుపోయేది. ఆయన నీళ్ళ గొట్టం చక్రం తిప్పాడు, నిండుగా నీళ్ళున్న మడిలోకి మళ్ళీ నీళ్ళు పారాయి, అందరూ చప్పట్లు కొట్టారు.

"నీళ్ళు లేకుండా ఇంత పచ్చగా ఎట్లా వచ్చిందమ్మా?" అని దేవకుమారిని అడిగాడు.

"దేవుడి దయండీ" అంది. ఆ పూట పది ఆజ్ఞల్లో రెండు మీరానని తర్వాత తనే ఒప్పుకుంది. అబద్ధం ఒకటి, దేవుడి పేరు ఊరికే వాడ్డం ఒకటి.

"ఆ గ్రీన్ నెట్ వెనకేంటి?" అన్నాడాయన పోతూ పోతూ.

"పశువుల మేత సార్" అన్నాడు వీరబాబు.

మర్నాడు పేపర్లో కరువు బోర్డు పక్కన పెద్దాయన నీళ్ళు వదులుతున్న ఫొటో పడింది. ఫొటో చూసిన భానుశ్రీ శిక్షణ మధ్యలో వదిలేసి దొరికిన బస్సెక్కింది. ఒంగోల్లో దిగి, ఇంకో బస్సు పట్టుకుని, భుజాన బ్యాగుతోనే మడి దగ్గరికొచ్చింది. దేవకుమారి బోర్డు మార్చిన కథంతా చెప్పింది. మెచ్చుకుంటుందనుకుంది.

"మీరిద్దరూ కలిసి నా కొంప ముంచారు" అంది భానుశ్రీ. "ఒకసారి బోర్డు మారిందంటే ఇక ఈ మడి గురించి నేనేం చెప్పినా ఎవడు నమ్ముతాడు? నీళ్ళు పెట్టలేదని నువ్వంటున్నావు. నేనూ నమ్మాలనే ఉంది. పుస్తకంలో 'దేవకుమారి చెప్పింది' అని రాయనా?"

ఆ మాట దేవకుమారికి గుచ్చుకుంది. నెట్ పక్కకు లాగి కరువు మడిలోకి దిగింది. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి ఉంది. పెద్ద నెర్రె ఒకటి చూసి గొంతుక్కూర్చుని, గాజులు పైకి తోసుకుని, చెయ్యి లోపలికి పెట్టింది. మోచెయ్యి దాకా దిగింది.

"ఒక్క తడి పెట్టినా ఇది పూడుకుపోద్ది మేడమ్. మళ్ళీ ఇంత లోతు తెరుచుకోవాలంటే వారాలు పడుతుంది. మీ చెయ్యి పెట్టండి. నన్నేం నమ్మక్కర్లేదు."

భానుశ్రీ బ్యాగు గట్టున పడేసి మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి దింపింది. అడుగున మట్టి గీరి పైకి తీసింది. పొడి. ఇంకో నెర్రెలో చూసింది, మరో మూలకెళ్ళి చూసింది. తర్వాత స్కేలు తెచ్చి పన్నెండు చోట్ల లోతు కొలిచి, ఫొటోలు తీసి, అన్నీ పుస్తకంలో ఎక్కించింది. బోర్డు మార్చిన సంగతీ, తేదీతో సహా రాసింది. "అదొక్కటీ కొట్టెయ్యండి మేడమ్, పిల్లలు గలవాణ్ణి" అని వీరబాబు రెండు రోజులు వెంటపడ్డాడు. కొట్టెయ్యలేదు.

ఇరవై అయిదు రోజులూ నిండాక ఆ మడికి నీళ్ళు పెట్టారు. కోత కోసి, నూర్చి, తూర్పారబట్టారు. అందరూ వేసే సన్నరకం కరువు మడిలో దోసెడు గింజలిచ్చింది, మిగతాదంతా గాలికి లేచిపోయింది. ఇరవై ఏడో నంబరు తడి మడిలో ఇచ్చిన దాంట్లో సగం ఇచ్చింది. సగమేనా అని పెదవి విరిచేవాళ్ళు ఎప్పుడూ తాలు తూర్పారబట్టి ఉండరు. పథకం నిలబడింది.

విత్తనానికి తీయగా మిగిలిన 'మొండిదాని' గింజల్ని మర పట్టించి దేవకుమారి షెడ్డులో వండింది. ముగ్గురూ పండుమిర్చి పచ్చడితో కూర్చున్నారు. వీరబాబు మొదటి ముద్ద చాలాసేపు నమిలాడు.

"ఏందిది, చెప్పు నమిలినట్టుంది? ఇది ఎవరు తింటారు?"

భానుశ్రీ కూడా మింగి నీళ్ళు తాగింది. "నిజమే. బతకడం వచ్చింది, రుచి రాలేదు. మళ్ళీ సన్నరకంతో కలపాలి. ఇంకో ఆరేళ్ళు."

"ఆరేళ్ళా!" వీరబాబు కంచం పక్కకు నెట్టాడు.

దేవకుమారి మాత్రం గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ పెట్టుకుంది. "కాలువ రాని ఏడు ఇదీ ఉండేది కాదుగా మేడమ్" అంది. "ఆ పచ్చడి ఇటు జరపండి."