రేకుల మీద సున్నం

బిడ్డలూ, మధ్యాహ్నం కళ్లు మూసుకుంటే నాకిప్పటికీ కాశిబుగ్గలోని ఆ అంగన్‌వాడీ కనిపిస్తుంది. రేకుల కప్పు కింద నిద్రపట్టక దొర్లే పసిపిల్లలు, వాళ్ల మెడలు తుడుస్తూ తిరిగే టీచర్. అప్పుడు నేను కాలేజీలో సైన్సు చెప్పేదాన్ని. ఆ గదిలో వేడి కొలిచాను. పక్క గది రేకులకు సున్నం పూయించి అక్కడా కొలిచాను. ఆ తెల్లని కప్పు కింద పిల్లలు నీటి అడుగున గులకరాళ్లలా కదలకుండా పడుకునేవారు.

నా పరిశోధనను సుబేదారిలో అంగన్‌వాడీలను చూసే జిల్లా ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఎండాకాలం ముంచుకొస్తున్నా జవాబు లేదు.

“గట్ల ఇచ్చి ఊకుంటే ఎవ్వలు సదువుతరు మేడమ్,” అన్నాడు నా పాత విద్యార్థి. పత్రికలో విలేకరి. “పేపర్ల పడాలె. ఆ ఆఫీసు పెద్దసారు పొద్దుగాల చాయ్ తాగుకుంట కటింగులే చూత్తడు.”

“సున్నంతోని వేడి తగ్గొచ్చు అని రాయి.”

“తగ్గొచ్చా, తగ్గుతదా?”

“మేం చూసిన గదిల తగ్గింది.”

“మీరింకా పరీక్ష పేపరు దిద్దుతాండ్రు మేడమ్,” అని నవ్వి, ఫొటో తీసుకుని పోయాడు.

మర్నాడు జిల్లా పేజీలో చెమటలు కారే పిల్లల ఫొటో పెద్దగా వచ్చింది. సున్నం మాట చివర ఒక్క వాక్యం. ఆఫీసుల్లో ఒక అలవాటుంది. పేపర్లో పడ్డ ప్రతిదీ వాళ్లకు ఫిర్యాదే. దాన్ని కత్తిరించి కిందికి పంపి సంజాయిషీ అడుగుతారు. పిల్లలకు ఉక్కపోత ఎందుకో చెప్పమని టీచర్‌కు నోటీసు వచ్చింది.

“ఎండకు ఇయ్యాల్సిన నోటీసు నాకిచ్చిండ్రు అమ్మా,” అంది మా గడపలో కూర్చుని. “నా నౌకరి పోతదా?”

“ఫికర్ చెయ్యకు. సంజాయిషీ అడిగినోళ్లు దాన్ని చదవక తప్పదు గద.”

ఇద్దరం కలిసి రాశాం. నా పరిశోధనంతా ఆమె మాటల్లో అర పేజీకి ఒదిగింది. అది చదివి పెద్దసారు మమ్మల్ని పిలిపించారు.

“ఇది ముందే ఎందుకియ్యలే?”

“ఇచ్చిన సార్. మీ దగ్గరనే ఉంది.”

ఆయన సంజాయిషీ మళ్లీ చదివారు. “ఖాయంగ తగ్గుతదా?”

అవునని గొంతుదాకా వచ్చింది. “ఒక్క గదిల తగ్గింది సార్. మిగతా వాటికి సున్నం ఏపిచ్చి చూడుర్రి, నేనచ్చి కొలుస్త.”

ఆయన నోటీసు కొట్టేసి, రేకులన్నిటికీ సున్నం వేయించమని దాని కిందే రాశారు. మెట్లు దిగుతూ టీచర్ కలలో నడుస్తున్నట్టు మెల్లగా అంది: “ఈ ఎండకాలం పండుకుంటరమ్మా పిల్లలు.”