వదిన ఎందుకు నడిచి వచ్చిందంటే

సోమవారం. శనివారం రాత్రి నుంచీ ముసురు. కొట్టంలో పేడ ఎత్తి, పశువులకు ఎండుగడ్డి వేశాను.

మొన్న శనివారం మా వదిన చనిపోయింది. పొలం గట్టు మీద పాము కరిచింది. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఈ మూడు ముక్కలు రాయడానికి చాలాసేపు కూర్చున్నాను. రాశాక చదువుకుంటే వేరే ఎవరి గురించో రాసినట్టుంది.

నేను బడికి పోలేదు. ఎరువుల బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఏ రోజు పని ఆ రోజు నోటుబుక్కులో రాస్తాను. వదిన అప్పుడప్పుడు అది తీసి వత్తులు, గుణింతాలు దిద్దేది. ఒకసారి పేజీలన్నీ తిరగేసి నవ్వింది.

"వాన రాసినవ్, యూరియా రాసినవ్, బర్రె ఈనింది రాసినవ్. మనుషులేరి మరిదీ? ఈ ఇంట్ల బర్రెలే ఉంటున్నయా?"

ఇవాళ మనిషి గురించి రాస్తున్నాను. దిద్దడానికి ఆమె లేదు. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి.

అన్న పాల్వంచ ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు, కాబట్టి వ్యవసాయమంతా వదినదే. చిన్న ట్రాక్టరు కొన్న వారంలోనే తోలడం నేర్చుకుంది. చీర మీద అన్న పాత చొక్కా తొడుక్కుని పత్తి సాళ్ల మధ్య కలుపు తీసే గుంటుక తోలుతుంటే, రోడ్డు మీద పోయే బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చేవి.

ఆ ట్రాక్టరు ముందు దీపాలు రెండూ పక్కలకు పొడుచుకొచ్చి ఉంటాయి. పత్తి నడుమెత్తు పెరిగాక కొమ్మలు వాటికి తగులుకుని పూత రాలిపోయేది. "దీని చెవులు కొయ్యి మరిదీ" అంది. అప్పటి నుంచి పొద్దున దీపాలు విప్పడం, సాయంత్రం బిగించడం నా పని. నేను బిగిస్తుంటే ఆమె బోల్టులు కొంగులో పట్టుకుని ఒక్కొక్కటే అందించేది. ఏదైనా కింద పడితే మట్టిలో తనే వెతికేది. నా నడుము నొప్పి ఆమెకు తెలుసు.

ఇల్లు దగ్గరే. కానీ మధ్యలో లారీలు తిరిగే రోడ్డు ఉంది.

"ఇంత దూరానికి దీపాలెందుకు వదినా? దారి కండ్లు మూసుకున్నా తెలుసు" అన్నాను ఒకసారి.

"దారి నీకు తెలుసయ్యా. లారీవోనికి నువ్వు తెలుసా? నీకేమన్న చుట్టమా?"

శుక్రవారం పొద్దున నాకు విసుగొచ్చింది. విప్పిన దీపాలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. "గుంటుక అయిపోయినంక ఒకేసారి బిగిస్తా. ఈ రెండ్రోజులు పొద్దుండంగనే రా" అన్నాను.

"అవ్, జర ఆగమని పొద్దుకు నువ్వే చెప్పు" అంది. నవ్వుతూనే అంది.

శనివారం వాన వచ్చేటట్టుందని మిగిలిన సాళ్లు పూర్తిచేసిందట. పక్క చేనులో కూలివాళ్లు చూశారు. అప్పటికి చీకటి పడింది. దీపాల్లేని బండిని ఆమె రోడ్డెక్కించదు. అక్కడే ఆపి, గట్టు వెంట నడిచి వచ్చింది.

ఇంటికి వచ్చిన వాళ్లందరినీ అన్న ఒకటే మాట అడుగుతున్నాడు. "రోజూ బండి మీదనే వస్తది గదా. ఆ దినం ఎందుకు నడిచింది?" నన్నూ అడిగాడు. నీళ్ల బిందె ఎత్తుకుని పక్కకు పోయాను.

ఇవాళ ట్రాక్టరు తేవడానికి సంచి తీసుకుని బయలుదేరాను. అన్న కూడా వెనకే వచ్చాడు. వద్దనలేకపోయాను.

దీపాలు ఉండాల్సిన చోట తీగలు వేలాడుతున్నాయి. వాటి చివర్లకు వదిన పాల కవర్లు తొడిగి, వాన నీళ్లు పోకుండా పురికొసతో కట్టింది. అన్న వాటిని చూశాడు. తర్వాత నా చేతిలో సంచిని చూశాడు.

"దీపాలు నీ దగ్గరున్నయా?"

"అవ్ అన్నా. శుక్రవారం నుంచి. నేనే బిగించలే."

అన్న బండి దగ్గరికి జరిగాడు. ఒక కవరు విప్పి లోపల వేలు పెట్టి చూశాడు. రెండు రోజుల ముసురులో కూడా లోపల పొడిగా ఉంది. దాన్ని మళ్లీ ఆమె కట్టినట్టే కట్టబోయాడు. ముడి పడలేదు. ఇంకోసారి కట్టాడు, మళ్లీ జారింది. నేను సంచి కింద పెట్టి, ట్రాక్టరు ముందు కూర్చుని మొదటి దీపం బిగించసాగాను; అన్న పురికొస వదిలేసి బోల్టులు ఒక్కొక్కటే అందించాడు.