హైడ్రోజన్ నీళ్ల కాగితం

కోదాడలో మా మేనత్త హైడ్రోజన్ నీళ్ల సీసాలు అమ్మేటప్పుడు చదివి వినిపించే కాగితం నేనే రాశాను. అది అత్తకు తెలుసు. అందులో చివరి వాక్యం కొట్టేసింది కూడా నేనేనని మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు సూర్యాపేటలో బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. బటన్ నొక్కితే నీళ్లలో సన్నటి బుడగలు లేచే సీసా అది. "అందరికీ అర్థమయ్యేటట్టు ఒక పేజీ రాసిపెట్టమ్మా. భయపెట్టేవేమీ రాయకు" అని అత్త ఫోన్ చేసింది.

ముందు డైరీలో చిత్తుగా రాసుకున్నాను. హైడ్రోజన్ చాలా చిన్న అణువు, కణంలోకి సులువుగా దూరుతుంది. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా మీద దాని ప్రభావం ఉండొచ్చని ప్రయోగశాలల్లో కొన్ని సూచనలు కనిపించాయి. ఆఖరున, "మనుషుల్లో ఇంకా తేలలేదు, మందులు మానకూడదు" అని రాశాను. అత్త నొచ్చుకుంటుందేమోనని ఆ ఒక్కటీ కొట్టేసి మిగతాది పంపాను. ఎదురు చెప్పడం నాకు చేతకాదు.

నెల తర్వాత మిర్యాలగూడ వెళ్లాను. అమ్మ అక్కడ రైస్ మిల్లులో చిరిగిన గోనెసంచులు కుడుతుంది. నేను వెళ్లేసరికి దబ్బనం చేతిలో ఉండగానే గోడకు ఆనుకుని నిద్రపోతోంది. మొహం ఉబ్బి ఉంది.

"థైరాయిడ్ గోళీ ఏస్కుంటలేవా అమ్మా?"

"ఇగ అదెందుకే? మీ అత్త సీసా ఇచ్చింది గద. పరగడుపున గీ నీళ్లే తాగుతున్న. ఒంట్ల సత్తువ తయారైతదని కాగితం సదివింది. సదువుకున్నోళ్లు రాసిందంట."

పక్కన కుడుతున్న ఆమె నవ్వింది. "సత్తువ ఎక్కువైతేనే నిద్రవోతున్నది మీ అమ్మ!"

ఆ సాయంత్రం ఇంట్లో డైరీ తెరిచాను. అంతవరకు దాన్ని ఎవరికీ చదివి వినిపించలేదు. కాగితం రాసింది నేనేనని చెప్పి, కొట్టేసిన వాక్యంతో సహా ఆ పేజీ ఆఖరుదాకా చదివాను. ఒంట్లో కణాలు ఎంత శక్తి తయారుచేయాలో చెప్పేదే థైరాయిడ్ హార్మోననీ, అమ్మకు అది గోళీతోనే అందుతోందనీ చెప్పాను. రేపు దవాఖానకు పోదామన్నాను.

అమ్మ లేచి గోళీల పట్టీ వెతికి తెచ్చి, నీళ్ల బిందె పక్కన పెట్టుకుంది.

"మందులు మానొద్దన్న మాట మీ అత్తనే తీసేసిందన్నట్టు. అమ్ముకునేటోళ్లు గంతే."

కాదని చెప్పబోయాను. చెప్పకుండానే డైరీ మూసేశాను.

"నువ్వైతే ఉన్నది ఉన్నట్టే రాస్తవ్ బిడ్డా."