ఖాళీ చేతులు సహించని మిస్

తొంభైల చివర్లో బెంగళూరు యలహంకలోని మా బడివాళ్ళు మగపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడానికి ఇంగ్లండు నుంచి కోచ్‌ను పిలిపించారు. ఉత్తరాల్లో పేరుకి పొడి అక్షరాలే ఉండటంతో, వచ్చేది ఆడమనిషని ఆవిడ దిగాకే తెలిసింది. తిప్పి పంపలేక, ఆడపిల్లల్ని అప్పగించారు. మా జట్టు అలా పుట్టింది.

ఆవిడ సొంత దేశంలో తపాలా ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ ఆడిందట. ఇటలీలో మాత్రం ఆటే ఉద్యోగమట. మేం మిస్ అని పిలిచేవాళ్ళం. మైదానానికి వచ్చినవాళ్ళెవరినీ ఖాళీ చేతులతో నిలబడనిచ్చేది కాదు. నవ్వుతూ బంతో, నీళ్ళ సీసానో చేతిలో పెట్టేసేది.

పక్క బడితో మా మొదటి పోటీ రోజున, చిక్కపేట బట్టల కొట్టులో పనిచేసే మా నాయన నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు.

"అమ్మా, ఆడపిల్లకి ఈ తన్నులాట వద్దు. మా పాప ఇంక రాదు," అన్నాడు.

తెలుగు రాని మిస్ నవ్వి, ఆయన చేతిలో మైదానం గీత పక్కన నిలబడి తప్పులు చూపించే లైన్స్‌మన్ జెండా పెట్టింది. దొరసాని ఇచ్చినదాన్ని కాదనలేక నాయన నావైపు తిరిగాడు.

"దీన్ని పట్టుకోని ఏం చేయాల పాపా?"

"మావాళ్ళు బంతి అందించేటప్పుడు, గోలీ కాకుండా అవతలి జట్టు చివరి పిల్లను దాటి మాలో ఎవరన్నా నిలబడుంటే ఎత్తాల నాయనా."

ఆట ముగుస్తుందనగా నేను గోలు కొట్టాను. చూస్తే, నాయన జెండా ఎత్తి నిలబడి ఉన్నాడు. గోలు చెల్లలేదు. ఓడిపోయాం.

"కూతురి గోలే దొరికిందా నీకు?" అని ఏడ్చాను.

మిస్ వచ్చి, నాయన భుజం తట్టి ఇంగ్లీషులో ఏదో అంది.

"ఏమంటా ఉండాది ఆమె?"

"నువ్వే కరెక్టంట."

"మరి! నువ్వు ముందుకు పోయి నిలబడుండావు. రేపు ఆమెనడిగి, సరిగ్గా నిలబడేది నేర్చుకో."