క్లారీ మోచెయ్యి

రెయిన్‌బో అనే ఊరి బౌల్స్ క్లబ్బుకు క్లారీ హెస్కెత్ మోచెయ్యి పెద్ద తలనొప్పిగా తయారైంది. పచ్చికమీద బంతి దొర్లించే ఆ ఆటలో చెయ్యి తిన్నగా కిందికి ఊగాలి. క్లారీ కుడి మోచెయ్యి మాత్రం టీ కెటిల్ పిడిలా పక్కకు వంగి, ఎంత బతిమాలినా దిగేది కాదు. అతను వేసిన బంతులు పక్క వరసవాళ్ళ కాళ్ళ దగ్గరికి పిలవని చుట్టాల్లా వెళ్ళేవి. ఎముకలో దోషమేమీ లేదన్నాడు డాక్టరు. శనివారం ఫైనల్లోపు చెయ్యి దిగకపోతే అతని చోట ఇంకొకర్ని ఆడిస్తానని కెప్టెన్ మెర్వ్ చెప్పేశాడు. భార్య నెరిడా పోయాక క్లారీ గడప దాటుతున్నదే ఆ ఆట కోసం. అదీ పోతే మనిషి ఇంట్లోనే మగ్గిపోతాడని మెర్వ్‌కూ తెలుసు. అందుకే తనే కారెక్కించుకుని, ఊరి హాల్లో వెండా అనే ఆవిడ నడిపే క్లాసుకు లాక్కెళ్ళాడు.

అక్కడ కసరత్తులేమీ ఉండవు. చాపమీద పడుకుని, ఒంట్లో ఏ భాగం ఏమంటోందో వినాలి. బతుకంతా గోధుమ చేలల్లో గడిపిన క్లారీకి తన ఒళ్ళు మాట్లాడుతుందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. పాదాలెలా ఉన్నాయని వెండా అడిగితే పర్లేదన్నాడు. నడుమూ పర్లేదు. గుండెల్లోనూ పర్లేదు. ఆ ఊరి మగాళ్ళు ట్రాక్టరు కింద పడ్డా చెప్పేది ఆ ముక్కే. పక్క చాపమీద మెర్వ్ అప్పటికే గురకపెడుతున్నాడు. అతని ఒంట్లో భాగాలన్నీ ఒకే మాటమీదికి వచ్చినట్టున్నాయి.

వెండా క్లారీ మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి, బరువు తనమీద వదిలెయ్యమంది. అతను వదల్లేకపోయాడు.

"దించమని అడగట్లేదు క్లారీ. అది దేనికోసం అలా ఉందో ఒక్కసారి చూడండి."

క్లారీ కళ్ళు మూసుకున్నాడు. నెరిడాకు చూపు మందగించిన దగ్గర్నుంచీ ఆమె నడిచింది ఆ మోచెయ్యి పట్టుకునే. వీధిలో, దుకాణంలో, చివరికి ఆస్పత్రి వరండాలో కూడా.

"దించితే పడిపోతుంది," అన్నాడు.

ఎవరని వెండా అడగలేదు. ఊరందరికీ తెలిసిన జంట అది. "అయితే పడనివ్వద్దు. మీరే ఎక్కడైనా కూర్చోబెట్టండి," అంది.

క్లారీ లేచాడు. మేజోళ్ళ కాళ్ళతో, మోచెయ్యి అలాగే పెట్టుకుని, చిన్న చిన్న అడుగులేస్తూ, ఎండ పడుతున్న కిటికీ దగ్గరి కుర్చీ దాకా నడిచాడు. "ఇదిగో నెరీ, కుర్చీ. నెమ్మది," అంటూ వంగాడు. కాసేపు అలాగే ఉండిపోయాడు. నిటారుగా నిలబడేసరికి చెయ్యి దిగి ఉంది. ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది, ఆమె పోయాక మొదటిసారి.

మెర్వ్ ఎప్పుడు లేచాడో, వెనకాల నిలబడి ఉన్నాడు. ఇంటికి దింపుతా పదమన్నాడు.

"నువ్వెళ్ళి కార్లో కూర్చోరా," అన్నాడు క్లారీ, పక్కనున్న ఇంకో కుర్చీని దగ్గరికి లాక్కుంటూ. "తనని ఒక్కదాన్నే ఇక్కడ వదిలేసి చటుక్కున ఎలా వచ్చేది? కాసేపుండి వస్తా."